చెంప చెప్పిన తడి

కొమురెల్లి దుప్పటిని నాలుగు మడతలు పెట్టి ఎడమ చెంపకు ఆనించి చూసుకున్నాడు. చల్లగా తగిలింది. లోపలి మడతల్లో ఇంకా తడి ఉందన్నమాట. అయినా మరో మడత వేసి, పైపైన ఇస్త్రీపెట్టె ఒకసారి పోనిచ్చి, వార్డుకు వెళ్లే దొంతర మీద పెట్టాడు.

వేళ్లతో తడి తెలుసుకోవడం అతనికి ఎప్పుడో పోయింది. ముప్పై ఏళ్లు బ్లీచింగు నీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు మొద్దుబారాయి. గోళ్లు పాలిపోయాయి. ఆధార్ కార్డు కోసం వేలిముద్ర వెయ్యమంటే అక్కడి మిషను ఇతనికి గీతలే లేవని మొండికేసింది. అతని భార్య లస్మవ్వ ఆ సంగతి వాడకట్టంతా చెప్పుకుని వారం రోజులు నవ్వింది. చెంప మాత్రం ఇంకా పనిచేస్తోంది. బట్ట ఆరిందో లేదో చెంపను అడగాలని చిన్నప్పుడు గోదావరి రేవులో వాళ్ల నాయిన నేర్పాడు. రెండు నెలలుగా కొమురెల్లి చెంపను అడగడమైతే అడుగుతున్నాడు గాని, అది చెప్పిన మాట వినడం మానేశాడు.

పొద్దున ఏడయింది. పదిహేను రోజులుగా విడవని ముసురు. గోదావరిఖనిలో ఆ మూడంతస్తుల ప్రైవేటు దవాఖాన వెనక, జనరేటరు పక్కనున్న రేకుల షెడ్డే లాండ్రీ. ఒక పెద్ద వాషింగ్ మిషను, నీళ్లు పిండే మిషను ఒకటి, డ్రయ్యరు ఒకటి, పొడుగాటి బల్ల. ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన నైలాన్ తాళ్ల మీద దుప్పట్లు వేలాడుతుంటే వాటి కిందుగా వంగీ లేచీ తిరుగుతుంటాడు కొమురెల్లి. మనిషి పొట్టి, బక్కపలచన. నడుం దగ్గర చొక్కా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దవాఖానలో సగం మందికి అతని పేరు తెలియదు, దుప్పట్లాయన అంటారు. అతనికీ అంతే. పైన ఎవరు పుట్టారో, ఎవరికి కోత పడిందో కిందికొచ్చిన బట్టలను బట్టి తెలియాల్సిందే.

అతనికి ఒక్క విషయంలోనే గర్వం. తెలుపు. ఈ ఊళ్లో తెల్లబట్ట తెల్లగా ఉండటమంటే మాటలు కాదు. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు అయిందంటే గంట తిరక్కుండా డాబాల మీద బట్టలన్నీ బూడిదరంగుకు తిరుగుతాయి. అందుకే కొమురెల్లి బయట ఆరెయ్యడు. షెడ్డులోనే ఆరేసి, మడతపెట్టి, నలక కూడా దూరకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మూతి బిగించి కడతాడు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన సర్జను, మా దగ్గర కూడా దుప్పట్లు ఇంత తెల్లగా ఉండవన్నాడట. నర్సు తిరుమల ఆ మాట మోసుకొచ్చి చెప్పిన రోజు కొమురెల్లి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూలన డ్రయ్యరు గుడగుడమని తిరుగుతోంది. తిరగడం తిరుగుతోంది గాని వేడి లేదు. లోపలి కాయిల్ కాలిపోయి రెండు నెలలయింది. ఆ సంగతి కొమురెల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు. చప్పుడు వినిపించకపోతే పైవాళ్లకు అనుమానం వస్తుందని రోజూ పొద్దున్నుంచి పన్నెండు దాకా దాన్ని ఉత్తినే తిప్పుతాడు. దుప్పట్లు వేసినప్పుడు ఎంత చల్లగా ఉంటాయో తీసినప్పుడూ అంతే చల్లగా ఉంటాయి.

పైన చెప్పొచ్చు కదా అంటే, చెప్పలేడు. రెండేళ్ల కింద ఇదే డ్రయ్యరు వారం రోజులు ఆగితే, ఆఫీసు చూసుకునే లక్ష్మీనరసింహ సారు బట్టలన్నీ మంచిర్యాలలో ఎవరికో కాంట్రాక్టుకిద్దామని మాట ఎత్తాడు. ఈ వయసులో కొమురెల్లిని ఇంకెవరు పెట్టుకుంటారు? అప్పుడు ఆదుకున్నవాడు మహబూబ్. బొగ్గుగనుల కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, తిలక్‌నగర్‌లో కొమురెల్లి ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడు. సైకిలుకు పానాల సంచి తగిలించుకుని వచ్చి, డ్రయ్యరు వెనక రేకు విప్పి, సాయంత్రానికల్లా వేడి పుట్టించాడు. చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. ఆ తర్వాత అది ఎప్పుడు మొరాయించినా మహబూబే వచ్చేవాడు. బాగుచేసిన ప్రతిసారీ డ్రయ్యరు పక్కన సుద్దముక్కతో తేదీ రాసేవాడు. అలాంటి తేదీలు ఏడు ఉన్నాయి. ఏడో తేదీ రాసిన రోజున, "కాయిల్ పల్చగైంది కొమురన్నా. శానా రోజులు రాదు. ఇంకోటి చూస్త తియ్," అన్నాడు.

తర్వాత నెల తిరక్కుండానే మహబూబ్‌కు పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. ఇక కాయిల్ మాట ఎవరు ఎత్తుతారు?

ఆపరేషన్‌కు ముందు రోజు కొమురెల్లి వార్డుకు వెళ్లి చూశాడు. మందులకు జుట్టంతా రాలిన తల మీద టోపీ, లోపలికి పోయిన బుగ్గలు. పాన్‌కు ఎర్రబారిన పళ్లు మాత్రం పాతవే. అతన్ని చూడగానే మహబూబ్ అడిగిన మొదటి మాట రోగం గురించి కాదు.

"మిషన్ ఎట్లున్నది? నడుస్తందా?"

"మంచిగ నడుస్తంది భాయ్. నువ్ ఫికర్ జెయ్యకు."

"వేడి వస్తందా?"

"మస్తు వస్తంది."

"అయితే జల్ది లేదు తియ్," అని మహబూబ్ కళ్లు మూసుకున్నాడు.

పొద్దున్నే కోతకు పోయే మనిషితో మిషను గోల ఎందుకని అలా చెప్పానని కొమురెల్లి తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అది సగమే నిజం. రెండు నెలలుగా దొంగచప్పుడు చేయిస్తున్నానని మహబూబ్ ముందు ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. మాటతో చెయ్యలేనిది బట్టతో చేద్దామనుకున్నాడు. అప్పటికే మూడు రోజులుగా, ఉన్నవాటిలోకెల్లా తెల్లటి దుప్పట్లు నాలుగు, దిండు గలీబులు రెండు ఏరి, ఒకటికి రెండు కవర్లలో చుట్టి అటక మీద దాచి ఉంచాడు. కట్టేముందు చెంపకు ఆనించి చూశాడు కూడా. చల్లగానే తగిలాయి. ముసురు, ఏం చేస్తాం అనుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక ఆ మూట తనే మోసుకెళ్లి తిరుమల చేతిలో పెట్టి, "ఇవి మహబూబ్ భాయ్‌కే వెయ్యి బిడ్డా, వేరేటోళ్లకు వద్దు," అని గట్టిగా చెప్పాడు.

ఆపరేషనయ్యాక నాలుగో రోజు మహబూబ్‌కు చలిజ్వరం మొదలైంది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

తొమ్మిదింటికి షెడ్డు గుమ్మంలో డాక్టర్ శ్రావణ్య నిలబడింది. రక్తపరీక్షలు చూసే డాక్టరమ్మ, మంథని అమ్మాయి. చేతిలో చిన్న సీసాలు, దూది చుట్టిన పుల్లలు. ముప్పై ఏళ్లలో డాక్టరన్న మనిషి ఈ గుమ్మం తొక్కడం కొమురెల్లి ఎరగడు. కంగారుగా స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

"కూసోను కాకా, పనుండి వచ్చిన. మహబూబ్ గారు మీకు తెలిసినోళ్లేనట గదా?"

"మా వాడకట్టే మేడం. ఎట్లున్నడు?"

"మంచిగ లేదు. నెత్తుర్ల పురుగు చేరింది. మట్టిల, దుమ్ముల ఉండే పురుగే. మనలాంటోళ్లను ఏం జెయ్యది. క్యాన్సర్ మందులకు బలం తగ్గినోళ్లకు, మెడల సన్న గొట్టం పెట్టినోళ్లకు ఎప్పుడన్న ఒకసారి గిట్ల నెత్తుర్లకు పోతది. శానా అరుదు. మొదటి రిపోర్ట్ల కనపడితే తోలు మీది మురికేమో అనుకున్నం. మళ్ల మళ్ల అదే వచ్చింది." ఆమె దొంతరలోంచి ఒక కవరు అందుకుంది. "నిన్నటి నుంచి మూడో అంతస్తుల ఇంకో ఆమెకు జ్వరం. రొమ్ము ఆపరేషనైన ఆమె. ఇద్దరికీ కలిసేది ఏందని చూస్తుంటే బట్టలు గుర్తుకొచ్చినయ్."

"బట్టలు సాఫ్‌గ ఉతుకుత మేడం. చూడుండ్రి, ఎంత తెల్లగున్నయో."

"తెలుపుతోని కాదు కాకా. ఈ పురుగు ఉతికినా చావదు, బ్లీచింగుకు కూడ చావదు. గింజ లెక్క ముడుచుకోని ఉంటది. తడి, ఉక్క దొరికితే పెరుగుతది." ఆమె కవరు మూతి విప్పి లోపలి మడతలో పుల్ల తిప్పి సీసాలో వేసింది. ఇంకో రెండు కవర్లలో అలాగే చేసింది. తర్వాత తలెత్తి మూల వైపు చూసింది. "డ్రయ్యరు మంచిగ నడుస్తందా?"

డ్రయ్యరు గుడగుడమంటోంది.

"నడుస్తంది మేడం."

ఆమె తల ఊపి సీసాల మీద పేర్లు రాసుకుని వెళ్లిపోయింది. ఆమె కాస్త ముందుకు వచ్చి ఆ రేకు మీద చెయ్యి వేసి ఉంటే బాగుండేదని కొమురెల్లికి అనిపించింది. అంతలోనే వెయ్యనందుకు గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. బల్ల మీద దొంతర వంక చూశాడు. పొద్దున చెంపకు ఆనించినవి ఇరవై ఉన్నాయి. ఒక్కటీ వెచ్చగా తగల్లేదు. తిరుమల రెండుసార్లు ఫోన్ చేసి దుప్పట్లు అడిగింది. ఇంకా కాలేదని రెండుసార్లూ చెప్పాడు.

పన్నెండింటికి లస్మవ్వ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసి, మెట్లెక్కి ఐసీయూ దగ్గరికి వెళ్లాడు. అద్దం తలుపు బయట కుర్చీలో మహబూబ్ భార్య కుబ్రా బేగం కూర్చుని ఉంది. ఒళ్లో జపమాల, కాళ్ల దగ్గర గుడ్డసంచి. ఆమె కొడుకు తౌఫీఖ్ మందుల కోసం కిందికి పోయాడు. అద్దంలోంచి మహబూబ్ కనిపిస్తున్నాడు. మెడ దగ్గర గొట్టం, నోట్లో గొట్టం. ఛాతీ దాకా కప్పిన దుప్పటి ఆ గదిలోకెల్లా తెల్లగా ఉంది. కొమురెల్లి దాన్ని గుర్తుపట్టాడు. తను ఏరిన నాలుగింటిలోది.

"అన్నా, నువ్వే వచ్చినవ్," అంది కుబ్రా బేగం. "పొద్దుగాల దాక చలి పెడ్తందని ఒకటే వణుకుడు. నువ్ పంపిన తెల్ల దుప్పట్లల్ల ఇంకోటుంటే ఇయ్యరాదు? కవర్ ఇప్పంగనే ఎంత సాఫ్‌గ ఉన్నయో. ఆ రోజు తెలివిల ఉన్నడు గద, కొమురన్న పంపిండా అని నవ్విండు."

"తెస్త భాభీ," అన్నాడు కొమురెల్లి. అని వెనక్కి తిరిగాడు.

మెట్ల మధ్యలో కాళ్లు ఆగిపోయాయి. అటక మీద ఇంకో మూట ఉంది. అడిగింది కదా అని అది తెచ్చి కప్పినా ఎవరికీ తెలియదు. ఆమె దీవిస్తుంది కూడా. పైన ఇంకో ఆడమనిషి జ్వరంతో పడుకుని ఉంది. ఆమె ఎవరో, పేరేమిటో తెలియదు. ఆమె కింద పరిచినదీ తను మడతపెట్టిందే. కొమురెల్లి షెడ్డు వైపు పోకుండా ల్యాబు వైపు తిరిగాడు.

"మేడం, పొద్దుగాల అబద్ధమాడిన," అన్నాడు తలుపు దగ్గరే నిలబడి.

శ్రావణ్య తలెత్తింది.

"డ్రయ్యరు ఉత్తగ తిరుగుతది. వేడి లేదు. రెండు నెలలాయె. బట్టలు తడితోనే కవర్లల్ల కట్టిన. తెల్వక కాదు. తడి ఉన్నదని తెలిసే కట్టిన."

ఆమె ఫోన్ తీసుకుని మూడంతస్తులకూ ఒక్కొక్కటిగా చెప్పింది. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు అన్నీ తీసెయ్యాలి, స్టోర్లో ఉన్న కొత్తవాటిని ఆపరేషన్ గది ఆవిరిపెట్టెలో పెట్టి వాడాలి. మాట్లాడుతున్నంత సేపూ కొమురెల్లి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పటికన్న చెప్పిండ్రు," అంది ఫోన్ పెట్టేసి. "పుల్లల మీద ఏం పెరుగుతదో తెలిసేసరికి రెండు రోజులు పట్టేది. తప్పు మీ ఒక్కరిదే కాదు కాకా. నేను కూడ ఆ షెడ్డుల ఇయ్యాలనే మొదటిసారి కాలు పెట్టిన."

తిడితే బాగుండేది. నాలుగు తిట్లు తింటే తల వంచుకున్నందుకు ఒక కారణమైనా ఉండేది. ఆ మెత్తటి మాటకు అతనికి తల కొట్టేసినట్టయింది.

"మహబూబ్ గారి ఇంట్లోళ్లకు చెప్పాలె. నేను చెప్త."

"వద్దు మేడం. నా నోటితోని నేనే చెప్త."

"సరే. కాని ఇయ్యాలనే చెప్పాలె."

రెండింటికి ఓపెన్ కాస్టులో బ్లాస్టింగు అయింది. షెడ్డు రేకులు అదిరి, తాళ్ల మీద బట్టలు ఒక్కసారి ఊగి ఆగాయి. కొమురెల్లి ఐసీయూకు ఒకసారి వెళ్లాడు. కుబ్రా బేగం మూలన నమాజు చేసుకుంటోంది. హమ్మయ్య అనుకుని తిరిగొచ్చేశాడు. మూడింటికి మళ్లీ వెళ్లి, తౌఫీఖ్ పక్కన కూర్చుని ఉంటే అదే వంక దొరికిందని మళ్లీ దిగొచ్చాడు. ఈలోపు పైనుంచి వార్డుల బట్టలన్నీ తోపుడుబండి మీద కిందికి వచ్చాయి. కవర్లు ఒక్కొక్కటే విప్పుతుంటే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ఈ రెండు నెలలూ ఈ వాసన తన ముక్కుకు ఎందుకు తగల్లేదో అతనికి అర్థం కాలేదు. తగిలే ఉంటుంది.

నాలుగున్నరకు తిరుమల వచ్చింది. ఆ అమ్మాయి ఎప్పుడూ ఫోన్ చేస్తుంది గాని కిందికి రాదు. గుమ్మంలోనే ఆగిపోయింది.

"కాకా... మహబూబ్ భాయ్ పోయిండు. ఇంతకుముందే."

కొమురెల్లి చేతిలోని కవరును నేల మీద పెట్టాడు. సరే అన్నట్టు తల ఊపాడు. తిరుమల వెళ్లిపోయింది.

పోయినవాళ్లను ముందు గేటు నుంచి తీసుకెళ్లరు, వెనక నుంచే. అంబులెన్సు వచ్చి షెడ్డుకు పది అడుగుల దూరంలో జనరేటరు పక్కన ఆగింది. తౌఫీఖ్ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. కుబ్రా బేగం ముసుగు తల మీదికి లాక్కుని, గుడ్డసంచి పట్టుకుని, అంబులెన్సు ఎక్కకుండా నేరుగా షెడ్డులోకి వచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. కొమురెల్లి ఆమెను కూర్చోమనలేదు, తనూ కదల్లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేడని అతనికి తెలుసు.

"భాభీ, నీకో మాట చెప్పాలె. మిషన్ నడుస్తలేదు. రెండు నెలలాయె. భాయ్ అడిగితే మంచిగ నడుస్తందని అబద్ధం చెప్పిన."

ఆమె అతని వంక చూసి నెమ్మదిగా తల ఊపింది.

"గట్లనా అన్నా," అని సంచిలో చెయ్యి పెట్టి, ఉర్దూ పేపరులో చుట్టి దారం కట్టిన పొట్లం ఒకటి తీసింది. "నేను కూడ ఇది ఇయ్యనీకే వచ్చిన. నీ మిషన్‌దేనట. ఆపరేషన్‌కు ముందుగాల్నే తౌఫీఖ్‌తోని మంచిర్యాల నుంచి తెప్పిచ్చిండు. ఆ రోజు నువ్ వస్తే ఇద్దామని మంచం కిందనే పెట్టుకున్నడు. మంచిగ నడుస్తందని చెప్పినవట గద. అయితే లేచినంక నేనే పోయి బిగిస్త, కొమురన్నకు ఇంకొకల కాళ్లు పట్టుకునే తిప్పలెందుకు అని మళ్ల సంచిల పెట్టిచ్చిండు. పోయిన మనిషి అమానత్, ఒకలకని దాచిన సొత్తు, ఇంట్ల పెట్టుకోవద్దు. తీస్కో."

కొమురెల్లి రెండు చేతులూ చాచాడు. మొద్దు వేళ్లకు బరువు తప్ప ఏమీ తెలియలేదు. ఆ రోజు ఆ మంచం పక్కన నిలబడి ఒక్క నిజం చెప్పి ఉంటే ఈ పొట్లం ఆ పూటే చేతికొచ్చేది. మరునాటికల్లా ఎవరో ఒకరు బిగించేవాళ్లు. మహబూబ్ మంచానికి ఆరిన దుప్పటి వెళ్లేది. తన కాళ్లకు అడుగు దూరంలో, ఆ మంచం కింద, తను అబద్ధమాడుతున్నంత సేపూ ఇది ఉంది. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

"భాభీ, నా మాట అయిపోలే," అన్నాడు. మిగతాదీ చెప్పాడు. తడి దుప్పట్ల సంగతి, డాక్టరమ్మ చెప్పిన పురుగు సంగతి, మహబూబ్ కోసమని ఏరి మూట కట్టిన సంగతి, కట్టేముందు చెంపకు ఆనించి చూసి కూడా కట్టిన సంగతి. దేన్నీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు. చెబుతున్నంత సేపూ ఆమె ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

బయట తౌఫీఖ్, "అమ్మీ, చలో," అని పిలిచాడు.

"ఆయనకు ఎరుకేనా ఇది?" అని అడిగింది.

"లేదు భాభీ. ఎరుక లేదు."

కొమురెల్లి పొట్లాన్ని రెండు చేతుల్లో పెట్టి ఆమె వైపు చాచాడు. తీసుకుంటుందేమో, మొహాన కొడుతుందేమోనని చూశాడు. రెండిట్లో ఏది చేసినా అతనికి బాగుండేది. ఆమె ఆ చేతుల వంక చూసి, వెనక్కి తిరిగి అంబులెన్సు ఎక్కింది. తలుపు మూసేముందు మహబూబ్ మీద కప్పిన దుప్పటి కనిపించింది. స్టోర్లోంచి తీసిన కొత్తది, మిల్లు నీలిముద్ర ఇంకా పోలేదు.

బండి పోయాక కొమురెల్లి పొట్లాన్ని బల్ల మీద పెట్టి దారం విప్పాడు. ఉర్దూ అక్షరాల మధ్య కొత్త కాయిల్ తళతళ మెరుస్తోంది, దాని చుట్ల నడుమ తేదీ రాయడానికని పెట్టిన సుద్దముక్క ఒకటి ఉంది.